యాస దాచుకోకండి... రేపు అదే మీ కొలువు కావచ్చు!

న్యూయార్క్ తెలుగబ్బాయి హరి కొండబోలు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన జాన్ ఆలివర్... అమెరికా టీవీలో ఈ ఇద్దరూ నవ్వును ఉద్యోగంగా మలచుకున్నారు. వాళ్ల ప్రయాణం నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థులు ఏం నేర్చుకోవచ్చు?

గద్వాలలోనో, వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో డిగ్రీ చదివి హైదరాబాద్ బస్సెక్కే విద్యార్థి ఫైల్లో సర్టిఫికెట్లుంటాయి. మనసులో మాత్రం ఓ భయం ఉంటుంది. నోరు తెరిస్తే ఊరి పేరు బయటపడుతుందేమోనని! కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ మాటలో పక్కనున్న రాయచూరు కన్నడం వాసన ఉంటుంది. నల్లమల అంచు ఊళ్ల మాటకు ఇంకో తీరు. గ్రూప్ డిస్కషన్‌లో ఒక్క మాట దొర్లగానే పక్కవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. ఆ తర్వాత మనోడు నోరు విప్పడు. సబ్జెక్టు వచ్చినా సరే.

ఈ భయం మన దగ్గరే ఉందనుకుంటే పొరపాటు. అమెరికాలో పుట్టి, అక్కడే చదివిన ఓ తెలుగు కుర్రాడినీ ఇదే ప్రశ్న వెంటాడింది. కాకపోతే అతడి విషయంలో నవ్వింది అతడి యాసను చూసి కాదు, అమ్మానాన్నల యాసను చూసి. ఆ నవ్వు మీద ఆలోచించి, దాన్నే తన వృత్తిగా మార్చుకున్నాడు. అతడే హరి కొండబోలు.

క్వీన్స్‌లో పెరిగిన తెలుగబ్బాయి

ఆంధ్రప్రదేశ్ నుంచి వలస వెళ్లిన తెలుగు దంపతులకు హరి 1982లో న్యూయార్క్‌లో పుట్టాడు. పెరిగింది క్వీన్స్ ప్రాంతంలో. ప్రపంచంలోని అన్ని దేశాలవాళ్లూ కలిసి బతికే చోటది. బడిలో ఎవరి ఇంటి భాష వాళ్లది, ఎవరి టిఫిన్ డబ్బా వాసన వాళ్లది. అలాంటి చోట పెరిగితే మనుషుల మాటతీరును గమనించడం దానంతటదే అలవాటవుతుంది.

కొరియన్ మూలాలున్న అమెరికన్ కమెడియన్ మార్గరెట్ చో ప్రదర్శన చూశాక, తనలాంటి వలస కుటుంబాల పిల్లలూ ఈ రంగంలోకి రావచ్చని అతడికి అనిపించింది. హైస్కూల్లో ఉండగానే కామెడీ నైట్ ఏర్పాటు చేసి మైకు పట్టుకున్నాడు. అట్లని చదువు వదిలెయ్యలేదు. మెయిన్ రాష్ట్రంలోని బోడన్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చదివి 2004లో డిగ్రీ పట్టా తీసుకున్నాడు. తర్వాత సియాటెల్‌లో, వలస వచ్చినవాళ్ల హక్కుల కోసం పనిచేసే సంస్థలో ఉద్యోగంలో చేరాడు. పగలు ఆఫీసు, రాత్రి కామెడీ క్లబ్బు. 2008లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి మానవ హక్కుల్లో మాస్టర్స్ పూర్తిచేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రాజనీతిశాస్త్రం, మానవ హక్కులు... కామెడీకి వీటితో పనేంటి? పని ఉంది. హరి జోకుల ముడిసరుకంతా అక్కడి నుంచే వచ్చింది. 'వెయిటింగ్ ఫర్ 2042' అని 2014లో వచ్చిన అతడి కామెడీ ఆల్బమ్ పేరునే చూడండి. అమెరికాలో తెల్లజాతీయులు 2042 నాటికి జనాభాలో సగం కంటే తగ్గిపోతారని అక్కడి జనాభా లెక్కల విభాగం వేసిన అంచనా నుంచి పుట్టిన పేరది. జనాభా లెక్కల పట్టిక నుంచి నవ్వు పిండాలంటే ముందు ఆ పట్టిక చదవడం రావాలి కదా!

తేలిక నవ్వును వదులుకున్నాడు

మొదట్లో హరి కూడా అందరూ పోయే దారినే పోయాడు. అమ్మానాన్నల ఇంగ్లిష్ యాసను స్టేజీ మీద అనుకరిస్తే జనం పగలబడి నవ్వేవారు. కష్టపడి జోకు అల్లాల్సిన పని లేదు. గొంతు మారిస్తే చాలు, చప్పట్లు.

2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికాలో గోధుమరంగు చర్మం ఉన్నవాళ్ల మీద అనుమానపు చూపులు, దాడులు పెరిగాయి. అప్పుడు కాలేజీలో ఉన్న హరికి ఓ సందేహం వచ్చింది. వీళ్లు నా జోకుకు నవ్వుతున్నారా, లేక మా అమ్మానాన్నలను చూసి నవ్వుతున్నారా? ఈ రెండింటి మధ్య తేడా తెలిసినప్పటి నుంచి ఆ అనుకరణను పక్కనపెట్టాడు. చప్పట్లు గ్యారంటీగా తెచ్చే దాన్ని వదులుకోవడమంటే చిన్న విషయం కాదు. ఉన్న ఉద్యోగం వదిలి కొత్తగా వెతుక్కోవడం లాంటిదే. తర్వాత 'మనోజ్' అనే లఘుచిత్రం తీశాడు. సొంత జాతిని ఎగతాళి చేసి పేరు తెచ్చుకునే ఓ భారతీయ కమెడియన్ కథ అది. ఆ పాత్రలోనూ హరే నటించి, తాను వదిలేసిన దారి మీదే వ్యంగ్యం సంధించాడు.

ఐదు నిమిషాల నుంచి రైటర్స్ రూమ్ దాకా

కామెడీ రంగంలో ఉద్యోగం ఎట్ల వస్తుందో మన విద్యార్థులకు పెద్దగా తెలియదు. ఏదో ఒక రోజు ఎవరో చూసి పిలుస్తారనుకుంటారు. హరి ప్రయాణం చూస్తే మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు ఓపెన్ మైక్. ఎవరైనా పేరు ఇచ్చి నాలుగైదు నిమిషాలు మాట్లాడొచ్చు. డబ్బులు రావు. ఒకే ఐదు నిమిషాల ముక్కను పదుల సార్లు చెప్పి, ఎక్కడ నవ్వు వస్తోందో, ఎక్కడ చల్లారుతోందో చూసుకుని మళ్లీ రాసుకోవాలి. రెండో మెట్టు ఉత్సవాలు. 2007లో హెచ్‌బీవో నిర్వహించిన కామెడీ ఉత్సవంలో హరికి అవకాశం దొరికింది. అదే ఏడాది 'జిమ్మీ కిమ్మెల్ లైవ్' టీవీ షోలో కనిపించాడు. 2011లో కామెడీ సెంట్రల్ ఛానెల్ అరగంట ప్రత్యేక కార్యక్రమం ఇచ్చింది.

అసలైన కొలువు 2012లో వచ్చింది. ఎఫ్‌ఎక్స్ ఛానెల్‌లో నల్లజాతి కమెడియన్ డబ్ల్యూ. కమావ్ బెల్ నడిపిన 'టోటలీ బయాస్డ్' షోకు హరి రచయితగా చేరాడు. అప్పుడప్పుడు కెమెరా ముందుకూ వచ్చేవాడు. ఇలాంటి షోల వెనక 'రైటర్స్ రూమ్' అని ఉంటుంది. రచయితలు ఒక గదిలో కూర్చుని ఆ రోజు వార్తలు చదువుతారు. ఒక్కొక్కరు జోకులు రాసి తెస్తారు. రాసినవాటిలో ఎక్కువ భాగం చెత్తబుట్టలోకే పోతాయి. మిగిలినవి గట్టిగా చదివి, కోసి, అతికించి షోకు ఎక్కిస్తారు. తన జోకు పోయిందని అలిగేవాడికి అక్కడ చోటు లేదు.

ఆ షో 2013 నవంబర్‌లో ఆగిపోయింది. ఉద్యోగం పోయింది. కానీ అక్కడ రాసిన ఒక చిన్న ముక్క అతడి జీవితంలో పెద్ద మలుపైంది.

ఒక గొంతు మీద పెద్ద వాదన

'ది సింప్సన్స్' అమెరికాలో 1989 నుంచి నడుస్తున్న కార్టూన్ సీరియల్. అందులో అపు అనే భారతీయ పాత్ర ఉంది. కిరాణా దుకాణం నడుపుతాడు. 1990 నుంచి ఆ పాత్రకు గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. బాగా సాగదీసిన 'ఇండియన్' యాస. అమెరికాలో చదివిన ఎంతోమంది భారతీయ పిల్లలను తోటి పిల్లలు ఆ యాసతోనే ఏడిపించేవారు.

'టోటలీ బయాస్డ్' కోసం 2012లో హరి దీని మీద ఓ ముక్క రాసి చదివాడు. దాన్నే పెంచి 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అనే డాక్యుమెంటరీ చేశాడు. 2017 నవంబర్‌లో ట్రూ టీవీలో ప్రసారమైంది. నటుడు కల్ పెన్, అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన వివేక్ మూర్తి వంటివాళ్లు అందులో తమ అనుభవాలు చెప్పారు. అజారియా మాత్రం ఆ సినిమాలో మాట్లాడేందుకు ఒప్పుకోలేదు.

తర్వాత జరిగింది హరి అనుకున్నంత తేలిక కాదు. సీరియల్ అభిమానులు మండిపడ్డారు. బెదిరింపులు కూడా వచ్చాయి. 2018లో సింప్సన్స్ ఒక ఎపిసోడ్‌లో ఈ విమర్శను తేలిగ్గా కొట్టిపారేసింది. కానీ 2020 జనవరిలో, ఇక అపుకు గొంతు ఇవ్వనని అజారియా ప్రకటించాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లజాతివారు కాని పాత్రలకు తెల్లజాతి నటులతో డబ్బింగ్ చెప్పించబోమని ఆ సీరియల్ యాజమాన్యం తెలిపింది. 2021లో అజారియా బహిరంగంగా క్షమాపణ చెప్పాడు.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. అపును తీసేయమని హరి అడగలేదు. ఆ పాత్రను ఉంచి, మంచి కథ ఇవ్వమన్నాడు. తాను సింప్సన్స్ అభిమానినేనని సినిమాలోనే చెప్పాడు. ఇష్టపడేదాన్ని కూడా ప్రశ్నించొచ్చని, ప్రశ్నించడమంటే ధ్వంసం చేయడం కాదని చూపించాడు. 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో 'వార్న్ యువర్ రిలేటివ్స్' పేరుతో అతడి ప్రత్యేక ప్రదర్శన వచ్చింది. 2022లో 'స్నాక్ వర్సెస్ చెఫ్' అనే వంటల పోటీకి సహ వ్యాఖ్యాతగా చేశాడు. ఒక షో పోతే ఇంకో పని, అది పోతే మరొకటి. ఈ రంగంలో కెరీర్ అంటే ఇట్లనే ఉంటుంది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇంకో యాస

ఇప్పుడు రెండో మనిషి. జాన్ ఆలివర్ 1977లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదువుతూ అక్కడి ప్రసిద్ధ విద్యార్థి నాటక బృందం 'ఫుట్‌లైట్స్'లో చేరాడు. బ్రిటన్‌లో కొన్నేళ్లు చిన్న చిన్న వేదికల మీద తిరిగాడు. 2006లో అమెరికాలోని 'ది డైలీ షో'లో ప్రతినిధిగా అవకాశం వచ్చింది. ఇంటర్వ్యూకు వెళ్లడమే అమెరికాలో అతడి మొదటి అడుగు!

కొత్త దేశం, కొత్త రాజకీయాలు. అయినా యాస మార్చుకోలేదు. 'బయటి నుంచి వచ్చినవాణ్ని, మీ ఇంట్లో జరిగేది నాకు వింతగా ఉంది' అన్నట్టు మాట్లాడటమే అతడి శైలి అయింది. 2013 వేసవిలో ప్రధాన వ్యాఖ్యాత జాన్ స్టీవర్ట్ సెలవు మీద వెళ్తే, ఎనిమిది వారాలు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఎనిమిది వారాలే అతడికి పెద్ద ఇంటర్వ్యూ. 2014 ఏప్రిల్ 27న హెచ్‌బీవోలో 'లాస్ట్ వీక్ టునైట్' పేరుతో సొంత షో మొదలైంది. దానికి ఎన్నో ఎమ్మీ అవార్డులు వచ్చాయి. 2019లో అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు. అంతకుముందు అతడు కామెడీ సెంట్రల్‌లో నడిపిన స్టాండప్ షోలో మన హరి కొండబోలు కూడా ప్రదర్శన ఇచ్చాడు. ఇద్దరి దారులూ అక్కడ కలిశాయి.

'లాస్ట్ వీక్ టునైట్' ప్రత్యేకత ఏంటంటే పరిశోధన. ఇంటర్నెట్ సమానత్వం, మందుల ధరలు, జైళ్లు... ఇలాంటి ఎండు విషయం ఒకటి తీసుకుని పావుగంటకు పైగా వివరిస్తాడు. దాని వెనక పరిశోధకులు పత్రాలు తవ్వుతారు, ప్రతి వాస్తవాన్నీ సరిచూస్తారు. అంటే తెర మీద కనిపించేది ఒక్కడే అయినా, వెనక రచయితలు, పరిశోధకులు, పాత వీడియోలు వెతికేవాళ్లు, ఎడిటర్లు, గ్రాఫిక్స్ చేసేవాళ్లు ఉంటారు. వాళ్లందరివీ కొలువులే!

అన్ని యాసలకూ ఒకే తూకం లేదు

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బ్రిటిష్ యాస అమెరికావాళ్లకు చదువుకున్నవాడి మాటలా వినిపిస్తుంది. భారతీయ యాస వినగానే నవ్వొస్తుంది. తేడా యాసలో లేదు, వినేవాడి చెవిలో ఉంది. ఎవరి చేతిలో అధికారం ఉందో వాళ్ల మాట 'భాష' అవుతుంది, మిగతావాళ్లది 'యాస' అవుతుంది.

మనకు ఇది కొత్తా? తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి హీరో ఒక తీరు మాట్లాడితే, రౌడీ, కమెడియన్ మాత్రం తెలంగాణ యాసలో మాట్లాడేవారు. ఆ పరిస్థితి మారింది. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలం పామెన నుంచి వచ్చిన రవికుమార్, బిత్తిరి సత్తిగా వీ6 ఛానెల్ 'తీన్మార్' వార్తల్లో ఊరి మాటతోనే ఇంటింటికీ చేరాడు. జబర్దస్త్‌లో నవ్వించిన సిరిసిల్ల వేణు యెల్దండి 2023లో 'బలగం' సినిమా తీసి, పల్లె చావింటి మాటలను యథాతథంగా తెర మీద పెట్టాడు. జనం నవ్వారు, ఏడ్చారు. ఎవరూ యాసను ఎగతాళి చేయలేదు. ఎందుకంటే అక్కడ జోకు యాస మీద లేదు, యాసలో ఉంది.

మన నేలకు ఈ పాఠం చాలా పాతది. నడిగడ్డలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి తెలుసు కదా. తెలంగాణలో కవులే లేరన్న మాట వినిపించినప్పుడు ఆయన కొట్లాటకు పోలేదు. 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. ఎగతాళికి పనితో జవాబు చెప్పారు. ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న ఊరి పలుకుబడితోనే సాహిత్య అకాడమీ పురస్కారం దాకా పోయారు. అదే జిల్లాకు చెందిన కిన్నెర మొగిలయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్లెవరూ మాట మార్చుకుని పోలేదు.

మీరు ఎట్ల మొదలుపెట్టాలి?

అందరూ కమెడియన్లు కావాలని కాదు. కానీ రాయడం, మాట్లాడటం వచ్చినవాళ్లకు టీవీ, యూట్యూబ్ ఛానెళ్లు, ప్రకటనల సంస్థలు, ఓటీటీలు, రేడియోల్లో పని ఉంది. కింది పనులు ఈ వారమే మొదలుపెట్టొచ్చు.

• రోజూ ఒక పేజీ: బస్టాండ్‌లో, సంతలో, హాస్టల్ మెస్‌లో విన్న మాటలు నోట్‌బుక్‌లో రాసుకోండి. విన్నది విన్నట్టే రాయండి. మీ ఊరి మాటలు హైదరాబాద్‌లో కూర్చున్న రచయితకు దొరకవు. అదే మీ బలం.

• ఐదు నిమిషాల ముక్క: ఒక్క విషయం మీద ఐదు నిమిషాలు మాట్లాడేలా రాసుకోండి. కాలేజీ ఫ్రెషర్స్ డే, ఫేర్‌వెల్, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంప్... ఏదైనా వేదికే. ఫోన్‌లో రికార్డ్ చేసి, నవ్వు రాని చోట కోసేయండి.

• వార్త ప్లస్ వాస్తవం: జాన్ ఆలివర్ పద్ధతి ఇది. వేరుశనగ ధర, బస్ పాస్, స్కాలర్‌షిప్ ఆలస్యం... మీకు తెలిసిన విషయం ఒకటి తీసుకోండి. ప్రభుత్వ ఉత్తర్వులు, బడ్జెట్ పత్రాలు చూడండి. అవసరమైతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. తప్పు లెక్క చెబితే జోకు ఎంత బాగున్నా పరువు పోతుంది.

• రెండు గొంతులు: ఇంటర్వ్యూలో స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకోండి. ఇంగ్లిష్ కూడా నేర్చుకోండి. అది అదనపు పనిముట్టు. దానికోసం ఇంటి మాటను పారేయక్కర్లేదు. స్పష్టత వేరు, యాస వేరు.

• చదువు: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ సరోజినీ నాయుడు స్కూల్‌లో కమ్యూనికేషన్, థియేటర్ ఆర్ట్స్ పీజీ కోర్సులున్నాయి. ఉస్మానియాలో, తెలుగు విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదవొచ్చు. స్క్రీన్‌ప్లే రాయాలనుకుంటే పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ప్రవేశాల నోటిఫికేషన్లు ఏటా చూసుకోవాలి.

• నమూనా ఫైల్: రెజ్యూమెతో పాటు మీరు రాసిన రెండు స్కిట్లు, ఒక మోనోలాగ్, మూడు నిమిషాల వీడియో సిద్ధంగా ఉంచుకోండి. ఈ రంగంలో మార్కుల మెమో కన్నా దీన్నే ముందు అడుగుతారు.

ముందే తెలుసుకోవాల్సిన చేదు

ఇది నెల తిరగ్గానే జీతం పడే కొలువు కాదు. హరి కూడా మొదట వేరే ఉద్యోగం చేస్తూనే రాత్రిళ్లు మైకు పట్టుకున్నాడు. అతడు రాసిన షో రెండేళ్లు తిరక్కముందే ఆగిపోయింది. కాబట్టి ఇంట్లో పరిస్థితిని బట్టి అడుగు వేయండి. గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుతూ కూడా రోజుకో పేజీ రాయొచ్చు. ఉద్యోగంలో చేరాక కూడా రాయొచ్చు. అమ్మానాన్నలకు చెప్పకుండా చదువు మానేసి పోవడం ధైర్యం అనిపించుకోదు.

ఇంకో మాట. యాసతో నవ్వించడం, యాసను చూసి నవ్వించడం ఒకటి కావు. రీల్స్‌లో అమ్మను, నాయనమ్మను, పక్కింటి కూలీని ఎగతాళిగా అనుకరిస్తే వ్యూస్ వస్తాయి. కానీ ఆ వీడియో ఆమె చూస్తే నవ్వుతుందా? అప్‌లోడ్ బటన్ నొక్కేముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి. హరి తన మొదటి చప్పట్లను వదులుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. తనదంటూ ఒక గొంతు దొరికింది కూడా ఆ తర్వాతే.